గోడ మీద వాలిన చిమ్మట పేరు ఎలా పట్టుకోవాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాజాం దగ్గర మీ ఊళ్ళో వరండా ట్యూబులైటు కింద గోధుమరంగు చిమ్మట, అంటే ఇంగ్లీషులో మాత్, ఒకటి వాలింది, రెక్కల మీద చుట్ట తిరిగిన కన్ను లాంటి మచ్చ ఉంది, ఫోటో తీసి యాప్‌లో పెడితే మూడు పేర్లు చూపించింది, మాత్స్ ఆఫ్ ఇండియా సైటు తెరిస్తే ఫోటోలు వస్తూనే ఉన్నాయి, గంటసేపు చూసి చూసి కళ్ళు నొప్పెట్టి వదిలేశాను, మీరంతా ఎలా పట్టుకుంటారన్నా అని అడిగావు. ఇది మంచి ప్రశ్న, ఎందుకంటే మొదట్లో అందరం అక్కడే ఆగిపోతాం, చాలామంది అక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపోతారు కూడా. అందుకే కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

నేను గజపతినగరం వైపు ఉంటాను, పన్నెండేళ్ళ నుంచి మా డాబా మీద తెల్లదుప్పటి కట్టి బల్బు పెట్టి చూస్తున్నాను. ఇన్నేళ్ళలో నాకు బాగా అర్థమైంది ఒక్కటే. గైడు, అంటే ఆ సైటు లాంటిది, తెరిచే ముందు పురుగుని ఎంత బాగా చూశామో, పేరు అంత త్వరగా దొరుకుతుంది. ఏమీ చూడకుండా గైడు తెరిస్తే అది సముద్రం. మన దేశంలో సీతాకోక చిలుకలు 1,300 పైచిలుకు రకాలుంటే చిమ్మటలు 10,000 దాటి ఉన్నాయి, ప్రపంచం మొత్తం మీద అయితే సుమారు 1,60,000. ఫోటోకి ఫోటో పోల్చుకుంటూ పోతే నువ్వు కాదు కదా, పాతికేళ్ళు ఇదే పనిలో ఉన్నవాళ్ళు కూడా పట్టుకోలేరు.

కాబట్టి మొదట చూడాల్సింది రంగు కాదు, అది ఎలా కూర్చుంది అన్నది. రంగు పాతబడితే వెలిసిపోతుంది, పొలుసులు రాలిపోతాయి, ట్యూబులైటు కింద ఒకలా ఫ్లాష్‌లో ఒకలా కనపడుతుంది, కూర్చునే తీరు మాత్రం అంత తేలిగ్గా మారదు. రెక్కలు వెనక్కి లాక్కుని జెట్ విమానంలా, ఒళ్ళు లావుగా ముందుకి మొనదేలి ఉంటే అది హాక్‌మాత్, అంటే స్ఫింజిడే కుటుంబం. గోడకి కాగితం అంటించినట్టు నాలుగు రెక్కలూ పరిచేసి ఉంటే ఎక్కువగా జియోమెట్రిడే, దీని గొంగళిపురుగే జానతో కొలిచినట్టు ఒళ్ళు వంచుకుంటూ నడుస్తుంది. రెక్కల్ని పాక మీద తాటాకు కప్పులా రెండువైపులా వాల్చుకుని ఉంటే నాక్టుయిడే వైపు వెళ్ళు, మన పొలాల్లో నష్టం చేసే పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు తల్లులు ఇందులోవే. సన్నగా త్రిభుజంలా ఉండి కాళ్ళు పొడుగ్గా, మూతి ముందుకి ముక్కులా పొడుచుకొచ్చి ఉంటే క్రాంబిడే. సన్నటి పుల్ల మీద ఇంకో పుల్ల అడ్డంగా పెట్టినట్టు, ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటే ప్లూమ్ మాత్, దాని గురించి పెద్ద ఆలోచన అక్కర్లేదు, వేరే దేనితోనూ కలవదు. అరచెయ్యంత పెద్దగా ఉండి రెక్కల మీద అద్దాల్లాంటి మచ్చలుంటే సాటర్నిడే, మద్ది చెట్ల మీద బతికే టసర్ పట్టుపురుగు ఆ కుటుంబమే, పెద్దయ్యాక వాటికి తినడానికి పనిచేసే నోరే ఉండదు, గొంగళిగా ఉన్నప్పుడు తిన్నదాంతోనే ఉన్న వారం రోజులూ గడిపేస్తాయి.

ఇవి నూటికి నూరు పాళ్ళు నిజమయ్యే సూత్రాలు కావు, తేడాలు చాలానే ఉన్నాయి. కానీ పదివేల నుంచి ఒక్కసారిగా చాలా తక్కువకి వచ్చేస్తావు. మాత్స్ ఆఫ్ ఇండియా అనేది ఇండియన్ ఫౌండేషన్ ఫర్ బటర్‌ఫ్లైస్ వాళ్ళు నడిపే సైటు, అందులో అన్నీ కుటుంబాల వారీగానే సర్ది ఉంటాయి, కాబట్టి కుటుంబం పేరు నీ చేతిలో ఉంటే సరైన గదిలోకే వెళ్తావు, అక్కడి నుంచి ఉపకుటుంబం, తర్వాత జాతి (ఇంగ్లీషులో జీనస్), ఆ తర్వాత రకం (స్పీషీస్), అలా మెట్లు దిగినట్టు దిగడమే.

రెండోది మీసాలు. సీతాకోక చిలుక మీసం చివర చిన్న గుండు ఉంటుంది, చిమ్మటకి మామూలుగా ఉండదు, దారంలా సన్నగానో ఈకలా విచ్చుకునో ఉంటుంది. ఈకలా బాగా విచ్చుకుని ఉంటే చాలావరకు అది మగది, ఆడదాని వాసన చాలా దూరం నుంచి పట్టడానికి ఆ మీసాలే దానికి ఆధారం. మగ ఆడ తేడా ఎందుకు ముఖ్యమో నా అనుభవం చెప్తాను. మొదటి సంవత్సరం వరి కోతల ముందు లైటుకి రెండు రకాలు వచ్చాయి, ఒకటి పసుప్పచ్చగా రెక్కకి ఒక్కో నల్లచుక్కతో, రెండోది కొంచెం చిన్నగా వెలిసిన గోధుమరంగులో చుక్కలు సరిగ్గా తెలియకుండా. నేను రెండిటినీ రెండు రకాలుగా నోటు పుస్తకంలో రాసుకున్నాను, ఏడాదిన్నర అలాగే రాస్తూ పోయాను. రెండూ ఒకటే, వరిలో కాండం తొలుచు పురుగు, పసుప్పచ్చది ఆడది గోధుమరంగుది మగది. ఆ ఏడాదిన్నర లెక్కలు కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది, చాలా బాధనిపించింది. పొలాల్లో లింగాకర్షక బుట్టలు పెడతారు చూడు, వాటిలో పడేవి మగవే, ఆ బుట్టలో ఉన్నవాటిని చూసి ఆడదాన్ని పోల్చుకుందామంటే కుదరదు. అందుకే గైడులో ఒక రకం పేజీ తెరిస్తే మొదటి ఫోటో చూసి మూసెయ్యకు, అన్ని ఫోటోలూ కిందిదాకా చూడు, మగ, ఆడ, పాతబడ్డది, వేరే సీజన్‌ది ఎలా ఉన్నాయో అప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు నీ ఫోటో సంగతి. యాప్ చెప్పిన మూడు పేర్లలో ఒకటి ఎరిబస్ మాక్రాప్స్, మిగతా రెండూ స్పైరామా. ఎరిబస్‌ని పక్కన పెట్టెయ్యొచ్చు. అది చాలా పెద్దది, రెక్కలు పరిస్తే పన్నెండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, మచ్చ గుడ్లగూబ కన్నులా గుండ్రంగా తెరుచుకుని ఉంటుంది. నీ దాంట్లో స్విచ్చుబోర్డు పక్కనే ఉంది కాబట్టి సైజు తెలిసిపోతోంది, ఆరేడు సెంటీమీటర్లకి మించదు, మచ్చ కూడా కన్నులా కాకుండా కామాలాగా, నత్తగుల్ల చుట్టలాగా తిరిగి ఉంది. ఆ చుట్ట చూస్తే స్పైరామా అని నిస్సందేహంగా చెప్పొచ్చు, ఎరిబిడే కుటుంబం. కానీ స్పైరామాలో ఏ రకం అన్నది నీ ఫోటో బట్టి నేను చెప్పను. రెటార్టా, హెలిసినా రెండూ ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉంటాయి, మగవి ముదురుగా ఆడవి లేతగా ఉంటాయి, సీజన్ బట్టి కూడా మారతాయి, పై నుంచి తీసిన ఒక్క ఫోటోతో తేల్చేస్తే అది ఊహే అవుతుంది. అందుకని జాతి దగ్గర ఆగి స్పైరామా అని రాసుకో చాలు. ఇలా ఆగడం చాలామందికి నచ్చదు, పూర్తి పేరు రాకపోతే పని కానట్టు అనుకుంటారు. నా ఉద్దేశంలో జాతి వరకు సరిగ్గా రాసిన రికార్డుకి, తప్పు పేరుతో రాసిన పూర్తి రికార్డు కంటే విలువెక్కువ, ఎందుకంటే మొదటిదాన్ని రేపు ఎవరైనా ముందుకి తీసుకెళ్ళగలరు, రెండోదాన్ని ముందు కనిపెట్టాలి, తర్వాత సరిదిద్దాలి. కొన్ని చిమ్మటలైతే లోపలి అవయవాలు విప్పి మైక్రోస్కోపు కింద చూస్తే తప్ప తేలవు, ఫోటో ఎంత బాగున్నా సరే.

యాప్ మూడు పేర్లు ఎందుకు చెప్పిందంటావా, ఐనాచురలిస్ట్ లాంటివి జనం ఇదివరకు ఎక్కించిన ఫోటోలు చూసి నేర్చుకున్నవి, ఏ రకానికి ఫోటోలు ఎక్కువున్నాయో ఆ వైపే మొగ్గుతాయి. నీకు కనపడినదానికి అందులో ఫోటోలే లేకపోతే, ఉన్నవాటిలో దగ్గరగా కనపడేదాని పేరు చెప్తుంది, అది దాని తప్పు కాదు. యాప్‌ని కుటుంబం దాకా తీసుకెళ్ళే దారిలా వాడుకో, తీర్పులా తీసుకోకు. అందులో రీసెర్చ్ గ్రేడ్ అని వస్తుంది కదా, అది కూడా పేరు చెప్పినవాళ్ళలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది ఒకే పేరు ఒప్పుకుంటే వచ్చేది, ఇద్దరు ఒప్పుకున్నా వచ్చేస్తుంది, ఆ ఇద్దరూ యాప్ చెప్పిందే నొక్కి ఉంటే?

ఫోటోల గురించి ఒక మాట, ఎందుకంటే పేరు రాకపోవడానికి సగం కారణం అక్కడే ఉంటుంది. గోడకి ఎదురుగా, ఫోన్ గోడకి సమాంతరంగా పట్టుకుని తియ్యి, పక్కకి వంచితే రెక్క గీతలు సాగిపోయి కొలత పోతుంది. ఒకటి పై నుంచి, ఒకటి పక్క నుంచి మూతి కనపడేలా, కుదిరితే అద్దం కిటికీ మీద వాలినప్పుడు అవతలి వైపు నుంచి పొట్ట కింద భాగం. స్పైరామాలో అయితే పొట్ట అడుగున ఎరుపు కనిపిస్తుంది, పై నుంచి చూస్తే ఆ సంగతే తెలీదు. ఫ్లాష్ వేస్తే దాని మీద పల్చటి తెల్లకాగితం అడ్డం పెట్టు, లేకపోతే పొలుసులు మెరిసి రంగంతా తేలిపోతుంది. పక్కన రూపాయి బిళ్ళో స్కేలో పెట్టి ఒకటి తియ్యి. చేత్తో మాత్రం పట్టుకోకు, వేళ్ళకి పౌడర్ లాగా అంటేదంతా దాని పొలుసులే, పైగా కొన్నిటి వెంట్రుకలు తగిలితే ఒళ్ళు దద్దుర్లు వస్తాయి, గొంగళిపురుగులైతే మరీను.

ముందు రెక్కలు మూసి ఉన్నప్పుడు వెనక రెక్కలు కనపడవు, చాలాసార్లు అసలు గుర్తు అక్కడే ఉంటుంది. ఆముదం దాసరిపురుగు తల్లిని చూడు, కూర్చున్నప్పుడు మట్టిరంగు పురుగు, వందలో కలిసిపోతుంది, రెక్క కాస్త జరిపితే కింద నల్లటి వెనక రెక్క మీద తెల్లపట్టీ, అంచున తెల్లమచ్చలు, ఇంక అనుమానమే ఉండదు. పండ్ల రసం పీల్చే చిమ్మట యూడోసిమా కూడా అంతే, ముందు రెక్కలు ఎండుటాకులా ఉంటాయి, వెనకవి పసుపు నారింజ కలిసి నల్లపట్టీతో మెరిసిపోతాయి, దాని గొంగళిపురుగు మన కంచెల మీద పాకే తిప్పతీగ తిని పెరుగుతుంది. కాబట్టి కాసేపు ఆగు, గడ్డిపరకతో మెల్లగా మీసం దగ్గర కదిపితే చాలా పురుగులు రెక్క విప్పుతాయి.

ఈ తిప్పతీగ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఫోటో కంటే ఎక్కువ పనికొచ్చేది మొక్క. సీతాకోక చిలుకల్లాగే చిమ్మటల్లో కూడా చాలావాటికి గుడ్లు పెట్టే మొక్కలు కొన్నే ఉంటాయి. మీ ఊళ్ళో జనుము చేలో పగలే తెల్లరెక్కల మీద ఎరుపు నలుపు చుక్కలతో ఎగిరేది యుటెథీసా, నారింజరంగు మీద తెల్ల అంచున్న నల్లచుక్కలుంటే ఆర్జైనా, రెండూ జనుము గిలిగిచ్చ మొక్కలవే. నువ్వుల చేలో వేలంత లావు, తోక దగ్గర కొమ్మున్న గొంగళిపురుగు దొరికితే అది వీపు మీద పుర్రె బొమ్మ ఉండే హాక్‌మాత్ పిల్ల అయ్యే అవకాశం ఎక్కువ. ఈ పుర్రె చిమ్మట తేనెపట్టులోకి దూరి తేనె తాగుతుంది, పట్టుకుంటే కిచకిచమని అరుస్తుంది, చూసినవాళ్ళు భయపడి చెప్పుతో కొట్టేస్తుంటారు, దానివల్ల మనిషికి ఏ హానీ లేదు, దయచేసి మీ ఇంట్లోవాళ్ళకి ఈ విషయం చెప్పు. ఇందులో కూడా మన దగ్గర రెండు రకాలు, స్టిక్స్, లాకెసిస్, వెనక రెక్క మొదట్లో నల్లగా ఉంటే లాకెసిస్, అక్కడ కూడా పసుపే ఉంటే స్టిక్స్.

మూడేళ్ళ కిందట మా పెరట్లో నందివర్ధనం ఆకులు రాత్రికి రాత్రి మాయమైపోతుంటే మా అమ్మాయి వెతికి ఒక పచ్చటి గొంగళిపురుగుని పట్టుకుంది, తల వెనకాల రెండు నీలం కళ్ళు, మధ్యలో తెలుపు, చుట్టూ నల్ల అంచు, ఎవరో పెయింటు వేసినట్టే ఉంది. ప్లాస్టిక్ బకెట్లో అడుగున మట్టి, ఎండుటాకులు వేసి, రోజూ తాజా నందివర్ధనం ఆకులు పెట్టి పైన దోమతెర కట్టాం. నాలుగు రోజులకి పచ్చరంగు పోయి మట్టిరంగు వచ్చింది, పిల్ల ఏడ్చింది చచ్చిపోతోందని, కాదమ్మా అది ఆకుల కిందికి వెళ్ళే ముందు అలా మారుతుందని చెప్పాను. రెండు వారాలు దాటాక ఒక రాత్రి తొమ్మిదింటికి బకెట్ అంచు పట్టుకుని వేలాడుతోంది, ముదురాకుపచ్చ, లేత గులాబీ, తెలుపు కలిపి నీళ్ళలో రంగులు కలిసినట్టు రెక్కలు, అప్పటికింకా తడిగా ముడతలుగా ఉన్నాయి, ముప్పావుగంటలో సాగి గట్టిపడ్డాయి. గన్నేరు హాక్‌మాత్, డాఫ్నిస్ నీరియై. ఆ పేరు కోసం నేను గైడులో ఒక్క నిమిషం కూడా వెతకలేదు, మొక్కే చెప్పేసింది. గొంగళిని పెంచి తల్లిని చూడటం కంటే గట్టి గుర్తింపు లేదు, ఒక్కసారైనా చేసి చూడు.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపువాళ్ళకి ఇంకో చిక్కుంది. నేను చూసినంతవరకు గైడులో ఫోటోల కింద ఉండే ఊళ్ళ పేర్లు ఎక్కువగా కేరళ, కర్ణాటక, బెంగాల్, ఉత్తరాఖండ్, అరుణాచల్ ఇవే, శ్రీకాకుళం విజయనగరం అన్న పేరు అరుదుగా కనిపిస్తుంది. అంటే ఇక్కడ పురుగులు లేవని కాదు, చూసి ఎక్కించినవాళ్ళు లేరని. కాబట్టి మన రాష్ట్రం పేరు లేదని ఒక రకాన్ని కొట్టెయ్యకు. ఒడిశాలో, బెంగాల్‌లో, దక్షిణాన కూడా దొరికిందంటే మన దగ్గర ఉండటంలో వింతేమీ లేదు, సాలూరు దాటితే కొరాపుట్ కొండలే కదా, మందస పక్కన మహేంద్రగిరి ఉండనే ఉంది. అదే ఒక రకం అరుణాచల్ ఎత్తు కొండల్లో తప్ప ఇంకెక్కడా దొరకలేదని ఉంటే, పోలిక ఎంత ఉన్నా రెండుసార్లు ఆలోచించు. నీ ఫోటోకి తేదీ, టైము, ఊరు, పక్కన ఏ చెట్లున్నాయో రాసి ఎక్కిస్తే రాజాం దగ్గర స్పైరామా ఉందని రేపు ఇంకొకడికి తెలుస్తుంది.

పేర్ల విషయంలో కంగారు పడకు. వ్యవసాయం పాత పుస్తకాల్లో శనగపచ్చ పురుగుని హీలియోథిస్ అంటారు, ఇప్పుడు హెలికోవెర్పా. పాత పుస్తకాల్లో ఆర్క్టిడే అని వేరే కుటుంబంగా ఉన్న టైగర్ మాత్‌లు ఇప్పుడు ఎరిబిడేలో కలిశాయి. హ్యాంప్సన్ అనే బ్రిటిష్ కీటక శాస్త్రవేత్త 1892 నుంచి 1896 మధ్య బ్రిటిష్ ఇండియా చిమ్మటల మీద నాలుగు సంపుటాలు రాశాడు, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, వర్ణనలు ఇప్పటికీ పనికొస్తాయి కానీ పేర్లు సగానికి సగం మారిపోయాయి, గైడులో పేరు చూసుకుని వాడు. తెలుగులో కూడా అంతే, చిమ్మట అంటే కొందరు కీచుమని అరిచే పురుగనుకుంటారు, రైతులు రెక్కల పురుగంటారు, ఇంట్లో దీపప్పురుగంటారు, అడిగేటప్పుడు ఏ మాట వాడినా పర్లేదు.

రైతుల్ని అడగడం మాత్రం మానకు. ఒకసారి జూన్‌లో పెద్ద వాన పడ్డ మూడో రోజు మా దుప్పటి నిండా తెల్లటి చిమ్మటలు, ముందు రెక్కల మీద గోధుమ చారలు, వెనక రెక్కల మీద నల్లమచ్చలు. నేను గైడు తిరగేస్తుంటే పక్క కళ్ళంలో వేరుశనగ వేసే పెద్దాయన వచ్చి చూసి, "ఏటి బాబూ ఇది తెలీదా, ఎర్రగొంగళి తల్లి ఇది, తొలకరి గట్టిగా పడ్డాదంటే భూమిలోంచి లేచి దీపాల కాడికి వచ్చేస్తాది, ఇప్పుడే మంట పెట్టాలి" అన్నాడు. తర్వాత గైడులో చూస్తే ముందు రెక్క అంచున పసుపు గీత, ఆమ్సాక్టా ఆల్బిస్ట్రిగా, ఆ గీత ఎర్రగా ఉంటే మూరీ అనే ఇంకో రకం. గీత రంగు నేను చూశాను, మిగతాదంతా ఆయనకి నలభై ఏళ్ళుగా తెలుసు.

మొక్కజొన్న వేసినవాళ్ళు కత్తెర పురుగు ఫోటోలు పంపుతుంటారు కాబట్టి అది కూడా ఒక్కమాట. మన దేశంలో 2018లో కర్ణాటకలో మొదట బయటపడింది ఇది. గొంగళిపురుగు తల మీద తిరగేసిన వై గుర్తు, తోక వైపు చతురస్రంగా నాలుగు నల్లచుక్కలు, అవి ఉంటే చాలు. తల్లి పురుగుల్లో మగదానికి రెక్క కొసన తెల్లమచ్చ ఉంటుంది, ఆడది మామూలు బూడిదరంగే, ఆడదాని ఫోటో ఒక్కటే చూసి కత్తెర పురుగని మందు కొట్టెయ్యమని ఎవరికీ చెప్పకు, చేలో గొంగళిని చూశాకే చెప్పు.

ఇంక దుప్పటి కట్టాలనుకుంటే అమావాస్య దగ్గర్లో, గాలి లేకుండా ఉక్కపోతగా, ముందురోజు వాన పడి ఉంటే మంచిది. జూలై చివరి వారంలో నేషనల్ మాత్ వీక్ అని 2012 నుంచి జరుగుతోంది, మనకి అప్పుడు సరిగ్గా సీజనే. పదకొండు దాటాక లైటు ఆపెయ్యి, తెల్లారేదాకా ఉంచితే పొద్దున్నే ఏట్రింతలు, కాకులు వచ్చి గోడ మీద ఒక్కదాన్నీ మిగల్చవు, బల్లులు రాత్రే సగం తినేస్తాయి.

నీ స్పైరామా వచ్చిన గోడకి దగ్గర్లో దిరిసెన చెట్టు గానీ చిందుగ గానీ ఉందేమో చూసి చెప్పు, దాని గొంగళిపురుగులు ఆ జాతి చెట్ల ఆకులే తింటాయి. మళ్ళీ వస్తే పొట్ట అడుగు కనపడేలా ఒక ఫోటో, రెక్క విప్పినప్పుడు ఒకటి తీసి పెట్టు, ఏ రకమో అప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం.